ఇంట్లో కాచిన బీరు – సీసాలు ఎందుకు పేలాయి?

కిందటేడు వేసవిలో ఒకరోజు తెల్లవారుజామున అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. “మామయ్యా, రాత్రి గరాజులో తుపాకీ పేలినట్లు చప్పుడైంది. వెళ్ళి చూస్తే మూడు సీసాలు పగిలిపోయి ఉన్నాయి. ఒక గాజు పెంకు అట్టపెట్టెను చీల్చుకుని గోడ దాకా ఎగిరింది” అన్నాడు. ఆ సీసాల్లో ఉన్నది అతను మొట్టమొదటిసారి ఇంట్లో తయారుచేసిన బీరు. “పంచదార కొలిచే వేశాను మామయ్యా, హైడ్రోమీటరు కూడా చూశాను. తప్పెక్కడ జరిగిందో తెలియడం లేదు” అని వాపోయాడు. పెట్టెలో ఇంకా నలభై సీసాలున్నాయి. ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల ఉంది.

జీవితమంతా రసాయనశాస్త్రం బోధించినవాణ్ణి కనుక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వెతగ్గా జవాబు దొరికింది. అది పంచదార దగ్గర కాక, అందరూ చేదు కోసం వేస్తారనుకునే ఒక పువ్వు దగ్గర దొరకడం విశేషం.

ముందుగా ఒక హెచ్చరిక. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడాన్ని అనుమతించింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు పరిమితి. అమ్మకూడదు. బ్రిటన్‌లో 1963లోనే లైసెన్సు నిబంధన ఎత్తివేశారు. మన తెలుగు రాష్ట్రాల్లో మాత్రం 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయాలు తయారుచేయడం నేరం. కాబట్టి ఇక్కడి పాఠకులు దీన్ని చదివి పొయ్యి వెలిగించవద్దు. చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉంటున్న మన పిల్లలకు మాత్రం ఇందులోని చివరి భాగం పనికివస్తుంది.

బీరుకు మూలం బార్లీ. రాగి మాల్ట్ చేసుకునే ఇళ్ళలో సంగతి తెలిసిందే: రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి పొడి చేస్తారు. మొలకెత్తే గింజలో ఎంజైములు పుట్టి పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడానికి సిద్ధమవుతాయి. బార్లీ మాల్ట్ కూడా అంతే. దాన్ని వేడినీళ్ళలో నానబెడితే పిండి చక్కెరగా మారి తియ్యని రసం దిగుతుంది. దీన్ని ‘వోర్ట్’ అంటారు. కొత్తవాళ్ళు ఈ శ్రమ పడకుండా, ఆ రసాన్ని ఇగిర్చి ఎండబెట్టిన పొడినే కొనుక్కుంటారు. మావాడు 2.7 కిలోల పొడిని నీళ్ళలో కలిపి 19 లీటర్ల వోర్ట్ చేశాడు. దాని సాపేక్ష సాంద్రత 1.052 వచ్చింది. పాలలో నీళ్ళు కలిపారేమో చూసే లాక్టోమీటరు వంటిదే ఈ హైడ్రోమీటరు కూడా. చక్కెర ఎక్కువైతే పైకి తేలుతుంది, తగ్గితే మునుగుతుంది.

ఇక మన కథానాయిక హాప్ పువ్వు. ఇది తీగ మొక్క. శాస్త్రీయ నామం హ్యుములస్ లుపులస్. గంజాయి మొక్కది కూడా ఇదే కుటుంబం. అయితే గంజాయిలోని మత్తు పదార్థం ఇందులో లేదు. చల్లని ప్రాంతాల పంట. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో సాగు చేశారు. ఆడపువ్వుల గుత్తి చిన్న ఆకుపచ్చ శంకువులా ఉంటుంది. రేకులు విడదీస్తే అడుగున పుప్పొడిలాంటి పసుపుపచ్చని జిగురు గ్రంథులు కనిపిస్తాయి. చేదూ వాసనా రెండూ వాటిలోనే ఉన్నాయి.

చారు కాచేవారిని అడగండి: మిరియాలు మరిగేటప్పుడు వేస్తారు, కొత్తిమీర దించేముందు వేస్తారు. హాప్స్ విషయంలో ఒకే పువ్వు మిరియమూ అవుతుంది, కొత్తిమీరా అవుతుంది. ఎప్పుడు వేశామన్నదే తేడా.

ఈ గ్రంథుల్లో ‘ఆల్ఫా ఆమ్లాలు’ అనే పదార్థాలున్నాయి. వీటిలో ముఖ్యమైనది హ్యుములోన్. ఇవి నీటిలో సరిగా కరగవు, పెద్దగా చేదుగానూ ఉండవు. కానీ గంటసేపు తెర్లించినప్పుడు ఆ అణువు రూపం మార్చుకుంటుంది. ఆరు కార్బన్ల వలయం ఐదు కార్బన్ల వలయంగా కుదించుకుపోతుంది. పరమాణువుల సంఖ్య అలాగే ఉంటుంది, అమరిక మాత్రం మారుతుంది. ఈ కొత్త రూపాన్ని ‘ఐసో ఆల్ఫా ఆమ్లం’ అంటారు. ఇది కరుగుతుంది, చేదుగా ఉంటుంది. బీరు చేదు అంటే ప్రధానంగా ఇదే.

లెక్క వేసి చూద్దాం. మావాడు కాస్కేడ్ అనే రకం వాడాడు. 1972లో ఒరెగాన్ నుంచే విడుదలైన వంగడం అది. నారింజ తొక్కను తలపించే వాసన. అతను కొన్న పొట్లంలో ఆల్ఫా ఆమ్లాలు 6 శాతం. మరుగు మొదట్లో 40 గ్రాములు వేస్తే అందులో 2400 మిల్లీగ్రాముల ఆల్ఫా ఆమ్లాలుంటాయి. గంట మరిగినా మారి కరిగేది అందులో 22 శాతం అనుకోవచ్చు, అంటే 528 మిల్లీగ్రాములు. 19 లీటర్లకు పంచితే లీటరుకు 28. చేదును కొలిచే అంతర్జాతీయ ప్రమాణంలో ఒక యూనిట్ అంటే సుమారుగా లీటరుకు ఒక మిల్లీగ్రాము. మరుగు ఆఖరి పావుగంటలో వేసిన మరో 30 గ్రాముల నుంచి ఇంకో 10 యూనిట్లు వచ్చాయి. మొత్తం 38. హాప్స్ రుచి బాగా తెలిసే ఏల్‌కు ఇది సరిపోయే చేదు.

వాసన సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. మిర్సీన్, లినలూల్ వంటి సుగంధ తైలాలు ఆవిరితోపాటు ఎగిరిపోతాయి. గంట మరిగిన పువ్వులో చేదు మిగులుతుంది, పరిమళం మిగలదు. అందుకే పొయ్యి ఆర్పినప్పుడు కొన్ని పూలు, పులియడం అయ్యాక చల్లని బీరులో మరికొన్ని పూలు వేస్తారు. ఈ రెండో పద్ధతిని ‘డ్రై హాపింగ్’ అంటారు. మావాడు 60 గ్రాములు ఇలా వేసి మూడు రోజులు ఉంచాడు. ఈ మూడు రోజుల దగ్గరికి మళ్ళీ వద్దాం.

హాప్స్ బీరును పాడవకుండా కాపాడుతుందన్న మాట నిజమే. ఐసో ఆల్ఫా ఆమ్లాలు కొన్ని బాక్టీరియాల కణపొరలోంచి హైడ్రోజన్ అయాన్లను లోపలికి మోసుకుపోయి, వాటి లోపలి ఆమ్లత సమతౌల్యాన్ని దెబ్బతీస్తాయి. మన ఇడ్లీ పిండిని పులిపించే లాక్టోబాసిల్లస్ వంటివి ముఖ్యంగా దీనికి లొంగుతాయి. తాటికల్లు ఒక్కరోజులో పుల్లబడడానికి ఇలాంటి అడ్డు లేకపోవడమే ఒక కారణం. అయితే బయటిపొర ఉన్న గ్రామ్ నెగెటివ్ బాక్టీరియాలపై హాప్స్ ప్రభావం తక్కువ. లాక్టోబాసిల్లస్‌లలో కూడా హాప్స్‌కు అలవాటు పడినవి ఉన్నాయి. కాబట్టి ‘చేదు వేశాం కదా, ఏమీ కాదు’ అనుకోకూడదు. వోర్ట్ చల్లారాక తగిలే ప్రతి గరిటె, గొట్టం, బకెట్టు ముందు శుభ్రంగా కడిగి, తర్వాత క్రిమిసంహారక ద్రవంలో ముంచి తీయాల్సిందే. కడగకుండా ముంచితే లాభం లేదు. మురికి చాటున సూక్ష్మజీవులు బతికిపోతాయి.

ఇండియా పేల్ ఏల్ అనే రకం పేరు చాలామంది విన్నదే. హాప్స్ ఎక్కువ వేయకపోతే ఇంగ్లండు నుంచి మన దేశానికి ఓడలో వచ్చేలోగా బీరు పాడయ్యేదని, అందుకే దీన్ని కనిపెట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది. లండన్‌లోని బో ప్రాంతంలో హాడ్జ్‌సన్ బీరు, 1820ల నుంచి బర్టన్ పట్టణపు బీరు ఇక్కడి తెల్లదొరల కోసం ఓడల్లో వచ్చిన మాట వాస్తవం. బర్టన్ నీటిలో జిప్సం ఎక్కువ, అది చేదుకు పదును పెడుతుంది. కానీ పోర్టర్ అనే నల్లని బీరు కూడా ఆ కాలంలోనే ఇండియాకు వచ్చింది, వచ్చాక తాగడానికి బాగానే ఉండేది. కాబట్టి ఆ కథను పూర్తిగా నమ్మలేం.

చల్లార్చిన వోర్ట్‌లో ఈస్ట్ చల్లితే అది చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డై ఆక్సైడుగా మారుస్తుంది. ఏల్ ఈస్ట్‌కు 18 నుంచి 20 డిగ్రీల సెంటీగ్రేడు చాలు. లాగర్ రకానికి 10 డిగ్రీల చలి కావాలి కనుక కొత్తవాళ్ళకు ఏల్ సులువు. పులిసేటప్పుడు వేడి పుడుతుంది, బకెట్టు లోపల గదికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఇది మరచిపోతే ఘాటైన వాసనలు వస్తాయి. రెండు వారాలకు సాంద్రత 1.012కు దిగి అక్కడే నిలిచింది. అంటే ఆల్కహాలు సుమారు 5 శాతం. మిగిలిన చక్కెరలు డెక్‌స్ట్రిన్‌లు. అవి పొడుగు గొలుసులు కావడంతో ఈస్ట్ వాటిని తినలేదు.

సీసాలో నురగ రావాలంటే కొంచెం పంచదార కలిపి మూత బిగిస్తారు. ఈస్ట్ దాన్ని తిని వదిలిన వాయువు బయటికి పోలేక బీరులోనే కరుగుతుంది. లీటరుకు 6 గ్రాములు సరైన మోతాదు. మావాడు సరిగ్గా అంతే వేశాడు.

మరి తప్పెక్కడ? ఆ మూడు రోజుల దగ్గర. హాప్ పువ్వులో చేదు, వాసనలతోపాటు కొద్దిపాటి ఎంజైములు కూడా ఉంటాయి. మరిగే వోర్ట్‌లో వేస్తే అవి నశిస్తాయి. చల్లని బీరులో వేస్తే బతికే ఉంటాయి. అవి ఈస్ట్ తినలేని డెక్‌స్ట్రిన్ గొలుసులను తెంపి తినగలిగే చక్కెరలుగా మారుస్తాయి. నిద్రపోయిన ఈస్ట్ మళ్ళీ లేస్తుంది. బ్రౌన్, మోరిస్ అనే ఇద్దరు బ్రిటిష్ రసాయన శాస్త్రజ్ఞులు 1893లోనే దీన్ని వివరించారు. తర్వాత చాలాకాలం దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. చల్లని బీరులో హాప్స్‌ను గుప్పిళ్ళకొద్దీ వేసే అలవాటు పెరిగాక, 2010ల చివర్లో ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల మళ్ళీ పరిశోధనలు జరిగాయి. ఇప్పుడు దీన్ని ‘హాప్ క్రీప్’ అంటున్నారు.

మావాడు హైడ్రోమీటరు చూసింది పూలు వేయకముందు. వేశాక చూడలేదు. ఆ తర్వాత సాంద్రత 1.012 నుంచి 1.009కి దిగిందనుకోండి. మూడు అంకెలే కదా అనిపిస్తుంది. లెక్కకడితే అది లీటరుకు సుమారు 6 గ్రాముల చక్కెర. అంటే అతను కలిపిన పంచదారకు సమానంగా పువ్వు మరో మోతాదు కలిపింది. ఒకసారి వాడిన పల్చని సీసాలు, వేసవి గరాజు వేడి తోడయ్యాయి. ఇంకేం కావాలి?

ఆ నలభై సీసాల సంగతి అప్పుడే చెప్పాను: చేత్తో కదిలించవద్దు. మందపాటి దుప్పటి కప్పి, పిల్లను ఆ వైపు రానివ్వకుండా, రాత్రి చల్లబడ్డాక కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకుని ఫ్రిజ్‌లోకి మార్చు. చలికి ఈస్ట్ పని ఆగుతుంది, వాయువు మరింత కరిగి పీడనం తగ్గుతుంది. మర్నాడు ఒక్కొక్కటే గుడ్డ కప్పి మూత తీయి. అలాగే చేశాడు. సగం బీరు నురగై సింకులో పోయింది. మిగిలినదానిలో వెన్నలాంటి వాసన వచ్చిందట. పులియడం మళ్ళీ మొదలైనప్పుడు పుట్టే డైఎసిటైల్ వాసన అది. ఈస్ట్‌కు ఇంకొన్ని రోజులు గడువిస్తే తనే దాన్ని తినేస్తుంది.

కొసరుగా ఇంకొకటి అడిగాడు: పచ్చ సీసాలు చూడ్డానికి బాగుంటాయి, వాడవచ్చా అని. వద్దన్నాను. బీరులోని రైబోఫ్లేవిన్ వెలుతురును గ్రహించి ఐసో ఆల్ఫా ఆమ్లాలను విరగ్గొడుతుంది. ఆ ముక్క గంధకంతో కలిసి దుర్వాసన పదార్థమవుతుంది. లీటరుకు గ్రాములో వందకోట్లవ వంతుల లెక్కన ఉన్నా ముక్కు పసిగడుతుంది. ముదురు గోధుమరంగు సీసా ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది.

డిసెంబరులో మళ్ళీ కాచాడు. ఈసారి హాప్స్ వేశాక రోజు విడిచి రోజు కొలిచాడు. 1.012, 1.010, 1.009, 1.009, 1.009. చివరి మూడూ ఒక్కటే అయ్యాకే సీసాల్లో పోశాడు.