బైక్ ప్రమాదం: డాక్టర్ వేసిన శాతమే పరిహారానికి కొలమానమా?

బైక్‌పై వెళ్తున్న ఓ వడ్రంగిని లారీ ఢీకొట్టింది. ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. వైద్యులు వైకల్యం 60 శాతమని రాశారనుకుందాం. మరి సంపాదనలో నష్టం కూడా 60 శాతమేనా?

కాదు. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో సరిగ్గా ఇలాంటి ఉదాహరణే ఇచ్చింది. చెయ్యి పోతే వడ్రంగికో డ్రైవర్‌కో బతుకుతెరువు దాదాపు మొత్తం పోయినట్టే. అదే ప్రభుత్వ గుమాస్తాకైతే ఉద్యోగం నిలవొచ్చు. కాబట్టి ట్రైబ్యునల్ చూడాల్సింది గాయాన్ని మాత్రమే కాదు, ఆ మనిషి చేసే పనిని కూడా.

తేడా చిన్నదేమీ కాదు. బాధితుడి వయసు 28, నెల సంపాదన 15,000 రూపాయలు అయితే, సరళా వర్మ తీర్పు (2009) ప్రకారం గుణకం 17. ఏడాది ఆదాయం 1.8 లక్షలను 17తో హెచ్చిస్తే 30.6 లక్షలు. 60 శాతమే తీసుకుంటే 18.36 లక్షలు. ఆసుపత్రి ఖర్చులు, పడ్డ బాధకు ఇచ్చేది, ముందుముందు పెరిగే ఆదాయం లెక్క వీటికి అదనం.

ఈ సూత్రం రెండో వైపూ కోస్తుంది. రాజ్‌కుమార్ కేసులో సర్టిఫికెట్ చెప్పిన 45 శాతం ఎడమ కాలికే పరిమితం. సంపాదన నష్టాన్ని కోర్టు 20 శాతంగానే లెక్కగట్టింది.

సర్టిఫికెట్ దాఖలు చేసి ఊరుకుంటే చాలదు. చికిత్స చేసిన డాక్టర్‌గానీ, పరీక్షించిన డాక్టర్‌గానీ సాక్ష్యం చెప్పాలి. ప్రమాదానికి ముందు ఏ పని చేసేవారో, ఇప్పుడు అందులో ఏది చేయలేకపోతున్నారో బాధితులే రుజువు చేసుకోవాలి.