రొదలో పాటను పట్టుకునే లెక్క

పోయిన వర్షాకాలంలో మేము ఊరి చివర కొండపక్కకు ఇల్లు మారాము. గాలి ఉంది, నీళ్లున్నాయి, అద్దె కూడా అందుబాటులోనే ఉంది. లేనిదల్లా రేడియో. చూపు మందగించినప్పటినుంచీ మా అమ్మకు పొద్దుటి భక్తిగీతాలు మొదలు రాత్రి వార్తల దాకా రేడియోయే లోకం. కొండ అడ్డం రావడంతో ఎఫ్.ఎం. స్టేషను నీరసపడిపోయింది. పాట హాయిగా సాగుతూ ఉండగా మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టు మొదలయ్యేది.

"పల్లవి వినిపిస్తుంది గాని, చరణాన్ని ఆవాలు తినేస్తున్నాయిరా అబ్బాయీ" అనేది అమ్మ. ఫోనులో పాటలు పెట్టి ఇస్తానంటే వద్దంది. తను కోరిన పాట కాదు, వాళ్లు వేసిన పాట కావాలట!

ఈ సంగతి మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరుగారి చెవిన వేశాను. ఆదివారంనాడు ల్యాప్‌టాప్, బొటనవేలంత పరికరం ఒకటి వెంటబెట్టుకుని ఆయన మా డాబా ఎక్కారు. ఆ సాయంత్రం నాకు తెలిసినది నాబోటి తెలుగు మేష్టరుకు పట్టుబడినంతమేరకు చెబుతాను.

ఎఫ్.ఎం. స్టేషను పంపే తరంగం సెకనుకు సుమారు 10 కోట్ల సార్లు ఊగుతుంది. పాటలోని ధ్వనినిబట్టి ఆ ఊపు కాసేపు హెచ్చుతుంది, కాసేపు తగ్గుతుంది. ఆ తేడా అటు 75 వేలు, ఇటు 75 వేలు, అంతకు మించదు. పాటంతా ఉన్నది ఆ హెచ్చుతగ్గుల్లోనే. తరంగం బలంగా ఉన్నంతకాలం రొద దాని జోలికి పోలేదు. బలం తగ్గినా పాత రేడియోలోలాగా కొద్దికొద్దిగా చెడిపోదు. దీనికొక గడప ఉంది. గడపకు ఇవతల అంతా బాగానే ఉంటుంది, అవతల కాలు పెట్టామో ఆవాలే.

ఎంచేతనంటే, తరంగాన్ని గిర్రున తిరిగే గడియారం ముల్లు అనుకోండి. మామూలు రేడియో ఆ ముల్లు ఎంత వేగంగా తిరుగుతున్నదో క్షణక్షణం కొలుస్తుంది. తరంగం బలహీనమైనప్పుడు రొద ఒక్కోసారి దానిని మించిపోయి, ముల్లును ఒక చుట్టు అదనంగా తిప్పేస్తుంది. ఆ దొంగచుట్టే మా అమ్మకు వినిపించిన ఆవగింజ.

"మాష్టారూ, కచేరీలో ఫిడేలు విద్వాంసుణ్ణి గమనించారా?" అన్నారాయన. "గాత్రం వెంట్రుకవాసి పైకి పోతే ఆయన వేలూ జరుగుతుంది. పాట బొత్తిగా వినపడని వాడొకడు ముందు వరసలో కూర్చుని ఆ వేలినే చూస్తున్నాడనుకోండి. గాత్రం ఎటు పోయిందో వాడు కాగితంమీద గీయగలడు కదా!"

ఫేజ్ లాక్డ్ లూప్ అనే ఏర్పాటు ఇదేనట. యంత్రం తనలో తాను ఒక తరంగాన్ని పుట్టించుకుంటుంది. వచ్చిన తరంగంతో పోల్చి, వెనకబడితే త్వరపడుతుంది, ముందుకు పోతే నిదానిస్తుంది. ఆ సవరింపులను వరసగా రాసుకుంటూ పోతే అదే పాట. పిల్లల పరీక్ష పేపర్లలో దిద్దుబాట్లు చేసి చేసి విసిగిన నాకు, దిద్దుబాటే అసలు సరుకు కావడం తమాషాగా తోచింది.

ఈ ఊహ కొత్తదేమీ కాదు. ఫ్రెంచి ఇంజనీరు ద బెల్లెసీజ్ 1932లోనే దీన్ని ప్రకటించాడు. 1958 జనవరి 31 రాత్రి అమెరికావారు ఎక్స్‌ప్లోరర్-1 ఉపగ్రహాన్ని పంపినప్పుడు అందులోని ట్రాన్స్‌మిటర్లలో ఒకదాని శక్తి 10 మిల్లీవాట్లు మాత్రమే; టార్చిలైటు బల్బు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ తింటుంది. ఆ సన్నని స్వరం కోసం మైక్రోలాక్ అనే రిసీవర్లను నేలమీద సిద్ధం చేశారు. వాటి గుండెకాయ ఈ లూపే. భూమిని చుట్టి కాలిఫోర్నియా మీదికి రావలసిన వేళ దాటింది, ఉపగ్రహం జాడ లేదు. అక్కడివాళ్ల ప్రాణాలు ఎలా కొట్టుకుని ఉంటాయో! సుమారు 8 నిమిషాలు ఆలస్యంగా స్వరం వినిపించింది. అనుకున్నదానికంటే పెద్ద కక్ష్యలో పడింది, అంతే.

అప్పట్లో ఆ పని చేసినవి తీగచుట్టలూ కండెన్సర్లూ. ఎండకు వేడెక్కితే వాటి గుణం మారుతుంది. ఇప్పుడంతా అంకెలే. బొటనవేలంత పరికరం తరంగం వేగాన్ని తగ్గించి, సెకనుకు కొన్ని లక్షలసార్లు కొలిచి అంకెలుగా అందిస్తుంది. అంకె వచ్చినప్పుడల్లా కంప్యూటరు తన ముల్లు ఎంత తప్పిందో చూసుకుంటుంది. ఇప్పటి తప్పులో కొంతభాగం, ఇంతవరకూ పోగుపడిన తప్పులో కొంతభాగం కలిపి తర్వాతి అడుగును సవరిస్తుంది. ఎంతెంత భాగమన్నది రెండు అంకెల్లో ఉంది. వాటిని మారిస్తే మన ఫిడేలు విద్వాంసుడి స్వభావమే మారిపోతుంది!

చిక్కంతా అక్కడే ఉంది. మరీ తొందరమనిషి అయితే సభలో ఎవరు దగ్గినా వేలు జరుపుతాడు. మరీ నిదానస్తుడైతే దగ్గులను పట్టించుకోడు గాని గమకాలు జారవిడుస్తాడు. మధ్యస్థంగా ఉన్నవాడు, రొద తిప్పిన దొంగచుట్టు వెంట పరుగెత్తబోయేలోపలే అది ముగిసిపోతుంది గనక, చాలావాటిని తప్పించుకుంటాడు. అయితే గడప కొంత కిందికి దిగుతుందే తప్ప మాయమైపోదని లెక్చరరుగారు ముందే హెచ్చరించారు.

మొదట ఆయన నిదానస్తుణ్ణి కూర్చోబెట్టారు. ఆవాలు చాలావరకు పోయాయి. మేమిద్దరం సంతోషించాము. అమ్మ మాత్రం చెవి ఒగ్గి విని, "'శివ శివ' అంటుంటే 'ఇవ ఇవ' అన్నట్టుందేమిటి నాయనా?" అంది.

లెక్చరరుగారు తెల్లబోయి, వెంటనే నవ్వేశారు. శకార సకారాల్లో ఉండేది మహా సన్నని, వేగమైన ధ్వని. నిదానస్తుడి వేలు అంత వేగంగా ఆడదు. తెలుగు మేష్టరునై ఉండి ఆ లోపం నేను పట్టుకోలేదు!

పనిలోపనిగా వెదురుగడకు ఏరియల్ కట్టి పిట్టగోడమీద నిలబెట్టాము. దానితో తరంగానికి కాస్త బలం వచ్చింది. ఆయన ఆ రెండు అంకెలనూ ఒక్క పిసరు పెంచారు. ఈసారి శివుడు శివుడిగానే వచ్చాడు. పాట ముగియవస్తుండగా ఎక్కడో ఒక ఆవగింజ చిటుక్కుమంది. లెక్చరరుగారి చెయ్యి మళ్లీ ల్యాప్‌టాప్ మీదికి పోయింది.

"ఉండనీ నాయనా, పోపు వాసన తగలాలిగా!" అంది అమ్మ.