మార్క్‌డౌన్ ఎడిటర్: కంటికి కొన్ని సెట్టింగులు, ఫైలుకు కొన్ని

మార్క్‌డౌన్ అంటే మామూలు అక్షరాల మధ్య చిన్న చిన్న గుర్తులు పెట్టి రాసే పద్ధతి. 2004లో జాన్ గ్రూబర్ దీన్ని రూపొందించాడు. ఆరన్ స్వార్ట్జ్ సాయపడ్డాడు. వరస మొదట్లో # పెట్టి కాస్త ఖాళీ వదిలితే అది శీర్షిక. మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు (**) పెడితే బొద్దు అక్షరాలు. ఒక ఫైలులో "# తెలుగు" అని మాత్రమే రాసి సేవ్ చేస్తే అందులో ఉండేది 20 బైట్లు: గుర్తుకు ఒకటి, ఖాళీకి ఒకటి, యూటీఎఫ్-8 లెక్కన ఆ మాటలోని ఆరు సంకేతాలకు మూడేసి చొప్పున 18. ఫాంటు పేరు, సైజు, రంగు ఏవీ అందులోకి ఎక్కవు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు అలా కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అది గజిబిజి గుర్తుల కుప్ప.

కాబట్టి ఎడిటర్ సెట్టింగుల్లో చాలావరకు రాసేవారి కంటి కోసమే. మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో కోడ్‌నే తీసుకుంటే, విండోస్‌లో కంట్రోల్, కామా కలిపి నొక్కగానే సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. ఫాంట్ ఫ్యామిలీ గడిలో ఇంగ్లిషు ఫాంటు పేరు తర్వాత కామా పెట్టి, కంప్యూటర్లో ఉన్న తెలుగు ఫాంటు, ఉదాహరణకు నోటో సాన్స్ తెలుగు, చేర్చవచ్చు. మొదటి ఫాంటులో లేని అక్షరాన్ని ఎడిటర్ రెండోదానిలో వెతుక్కుంటుంది. తెలుగుకు అంతకంటే ముఖ్యమైనది లైన్ హైట్. ఇంగ్లిషుకు సరిపోయే ఎత్తులో "రాష్ట్రం" అని కొడితే కింది వత్తులు తర్వాతి వరసకు ఇరుకవుతాయి. అక్కడ 1.8 అని ఇస్తే వరస ఎత్తు అక్షరం సైజుకు అన్ని రెట్లవుతుంది. కంట్రోల్, షిఫ్ట్, వి నొక్కితే కనిపించే ప్రివ్యూకు మాత్రం ఫాంటు, సైజు, వరసల ఎడం వేరుగా పెట్టుకోవాలి. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

ఫైలునే మార్చేసే సెట్టింగులు కొద్దే గానీ, జాగ్రత్త అవసరమైనవి అవే. మార్క్‌డౌన్‌లో ఒక్కసారి ఎంటర్ కొడితే వరస విరగదు. వరస చివర రెండు ఖాళీలు వదలాలి. నాలుగు పాదాల పద్యాన్ని అలా రాసి, "ట్రిమ్ ట్రైలింగ్ వైట్‌స్పేస్" సెట్టింగ్ ఆన్‌లో ఉండగా సేవ్ చేస్తే, కంటికి కనిపించని ఆ ఖాళీలు ఊడిపోయి పద్యం వచనంలా ఒకే పేరాలో కలిసిపోతుంది. ప్రోగ్రాములు రాసేవారికి ఇష్టమైన సెట్టింగ్ కావడంతో, వాళ్ల దగ్గర తెచ్చుకున్న సెట్టింగుల ఫైలులో ఇది తరచూ ఉంటుంది. ప్రివ్యూలో ఎంటర్ కొట్టిన చోటల్లా వరస విరిచి చూపే "బ్రేక్స్" సెట్టింగ్ ఉన్నా, అది ఆ ప్రివ్యూ వరకే. అదే ఫైలు వేరేచోట మళ్లీ పేరాగానే కనిపించవచ్చు. ట్రిమ్ సెట్టింగ్‌ను మార్క్‌డౌన్ ఫైళ్లకు మాత్రం ఆపేసి, మిగతావాటికి ఉంచుకోవచ్చు. లేదా 2014లో వెలువడిన కామన్‌మార్క్ అనే మార్క్‌డౌన్ నియమాల ప్రకారం, ఖాళీలకు బదులు వరస చివర \ గుర్తు పెడితే అదైనా కంటికి కనిపిస్తుంది.