అంకెలలోని తేదీ

సెల్‌ఫోను యాప్ మనకు చూపు తేదీ డేటాబేస్‌నం దనేకపర్యాయములు తేదీగా నుండదు. 1970 జనవరి 1వ తేదీ గ్రీనిచ్ అర్ధరాత్రి మొదలు గడచిన సెకండ్ల సంఖ్యగా నుండును. 1,00,00,00,000 అనగా 2001 సెప్టెంబరు 9, ఆదివారము, మన గడియారమున ఉదయము 7 గంటల 16 నిమిషముల 40 సెకండ్లు. ఆండ్రాయిడ్‌లోని జావా తేదీకి మిల్లీసెకండ్లు కావలెను. వేయిచే హెచ్చవేయుట మఱచినచో నదే సంఖ్య 1970 జనవరి 12 అగును. ఇట్టి తప్పు నవ్వు పుట్టించును గావున వెంటనే పట్టువడును.

పట్టువడనిది వేఱొకటి. మేము వ్రాసిన యాప్‌లో పరీక్షదినమును మన యర్ధరాత్రిగా భద్రపఱచితిమి. గ్రీనిచ్‌లో నది ముందునాటి సాయంకాలము 6-30. కోడ్‌లో కాలమండలమును యూటీసీగానే విడిచితిమి. పాప మొక బాలుడు ఒకనాడు ముందుగా వచ్చి మూసిన తలుపుకడ నిలిచెను. ఇప్పుడు ‘ఆసియా/కోల్‌కతా’ యని విస్పష్టముగా వ్రాయుచున్నాము.