మధుమేహం: మందుతోబాటు ఒక మనిషి

మధుమేహం అన్న పేరులో మధువు వున్నది గాని, అది పట్టినవారి విస్తట్లో మాత్రం తీపికి చోటు లేదు! 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారం మన దేశంలో ఈ రోగులు 10 కోట్ల పైచిలుకు. మరో 13 కోట్లకు పైగా జనం ఆ జబ్బు గడపలో నిలబడి వున్నారు. ఆ 10 కోట్లలో నేనూ ఒకణ్ణి. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణే గాని వైద్యుణ్ణి కాను. కాబట్టి మందుల సంగతి డాక్టర్లకు వదిలి, రోగికి రోగి చేయగల సాయం గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఇవాళ వేలు పొడిచి ఒక్క బొట్టు రక్తం పట్టీమీద పెడితే క్షణాలలో అంకె కనిపిస్తుంది. ఈ సదుపాయం రోగి చేతికి రావడం వెనుక ఒక కథ వున్నది. అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టయిన్ అనే ఇంజనీరుకు పన్నెండో యేటనే ఈ జబ్బు వచ్చింది. 1969లో ఆయన రక్తంలో చక్కెర కొలిచే యంత్రమొకటి వున్నదని తెలుసుకున్నాడు. దాన్ని డాక్టర్లకూ, ఆసుపత్రులకూ తప్ప అమ్మేవారు కారు. ఆయన భార్య డాక్టరు కావడంవల్ల ఆమె పేర తెప్పించుకున్నాడు! రోజుకు అనేకసార్లు కొలుచుకుని, ఏ తిండికి ఎంత పెరుగుతుందో, ఎంత ఇన్సులిన్‌కు ఎంత తగ్గుతుందో స్వయంగా నేర్చుకున్నాడు. తరువాత వైద్యం చదివి తానే డాక్టరయ్యాడు.

ఇప్పుడు జబ్బకు అంటించుకునే బిళ్ళలు కూడా వచ్చాయి. అవి చర్మం కింది ద్రవంలో చక్కెరను కొద్ది నిమిషాలకొకసారి కొలిచి సెల్‌ఫోనుకు అందిస్తాయి.

అయితే అంకె తెలిసినంత మాత్రాన సరిపోతుందా? 240 అని చూపించి యంత్రం ఊరుకుంటుంది. రోగికి భయం వేస్తుంది, సిగ్గు వేస్తుంది. ఆ సిగ్గుతో యంత్రాన్ని బీరువాలో దాచేసినవారు నాకు తెలుసు. కళ్ళు, మూత్రపిండాలు, పాదాలు దెబ్బతినేది ఇలాంటి మౌనంలోనే.

ఈ మౌనాన్ని పోగొట్టేందుకు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక ప్రయత్నం చేశారు. జబ్బు అదుపు తప్పిన మాజీ సైనికులకు, ఒకప్పుడు అదే అవస్థపడి బాగుపడిన సాటి సైనికులను జతచేసి, వారానికొకసారైనా మాట్లాడుకోమన్నారు. 2012లో ఫలితాలు వెలువడ్డాయి. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బిఎ1సి, ఆరు నెలలలో వీరికి 9.8 నుంచి 8.7కు దిగింది. తగ్గించుకుంటే డబ్బిస్తామన్నవారికి 9.5 నుంచి 9.1కి దిగింది. మామూలు వైద్యం మాత్రమే పొందినవారికి 9.9 నుంచి 9.8 దగ్గరే ఆగింది. డబ్బు ఆశకన్న సాటి మనిషి మాట ఎక్కువ పనిచేసిందన్నమాట!

నాకు అలాంటి తోడు మా కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయిన పెద్దాయన. ఇరవై యేళ్ళుగా ఈ జబ్బుతో కాపురం చేస్తున్నారు. ప్రతి ఆదివారం ఆ వారపు అంకెలన్నీ వాట్సాప్‌లో ఆయనకు పంపిస్తాను. ఒకసారి రాత్రి భోజనం తరువాత అంకెలు వరసగా 230 దాటాయి. ఆయన మందలించలేదు.

"మాస్టారూ! రేపు అన్నం ఒక గరిటె తగ్గించి, ఆకుకూర పప్పు ఒక గరిటె పెంచండి. తిన్నాక వీధి చివరిదాకా నడిచి రండి. రెండు గంటలకు కొలిచి నాకు చెప్పండి" అన్నారు.

మరునాడు 178 వచ్చింది. అంకెను చూసి సంతోషించడం నాకు అదే మొదటిసారి. భోజనం మానలేదు, మందు మార్చలేదు.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. తోడు డాక్టరు కాడు. మాత్రగాని, ఇన్సులిన్‌గాని పెంచమని, తగ్గించమని ఆయన చెప్పరాదు, మనం వినరాదు. మా పెద్దాయన ఈ గీత ఎన్నడూ దాటరు. "కాలికి పుండు పడితే నాకు ఫోను చేయకండి, ఆసుపత్రికి వెళ్ళండి" అంటారు. చక్కెర 70కి తక్కువైతే మాత్రం ఎవరి సలహాకూ ఆగకుండా మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్ళీ కొలవాలని ఆయనే నాకు నేర్పారు.

సెల్‌ఫోను లేనివారికి నోటు పుస్తకం చాలు. మీ వీధిలో, మీ ఆఫీసులో ఈ జబ్బును దారికి తెచ్చుకున్నవారు ఒకరైనా వుండకపోరు. ఈ ఆదివారం మీ అంకెలు తీసుకుని వారి దగ్గరికి వెళ్ళండి. మీకే అదుపు చిక్కితే, మరొకరి అంకెలు మీరు అడగండి.