మేడ మీద మీటరు గేజి

మా మామయ్య రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో సగం మీటరు గేజి మీదే గడిచింది. ఒక ఆదివారం పొద్దున మారేడ్‌పల్లిలో మా ఇంటికొచ్చి, బల్ల మీద గుండ్రంగా తిరుగుతున్న నా బొమ్మరైలును కాసేపు చూశాడు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "కరెంటు తియ్యి" అన్నాడు. తీశాను. ఇంజను ఉన్నచోటే టక్కున నిలబడిపోయింది. వెనక పెట్టెలు ఆరూ ఒకదాన్నొకటి గుద్దుకుని కదలకుండా ఉండిపోయాయి.

"ఇది ఆగడం కాదురా, ప్రాణం పోవడం. బండికి బరువేదీ?" అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. దానికి తలుపులున్నాయి, నిచ్చెనలున్నాయి, భూతద్దంతో చూస్తే చదవగలిగే నంబరుంది. అన్నీ కొలత ప్రకారం 87 రెట్లు తగ్గించినవే. మామయ్య అవేవీ చూడలేదు. ముప్పయ్యేళ్ళు బ్రేకువ్యానులో కూర్చున్న మనిషి, బండి ఎలా ఆగిందో చూశాడంతే. ఆ పూట నుంచే నాకు పెద్ద స్కేలు మీద కన్ను పడింది.

ఈ చిన్నా పెద్దా గొడవ బొమ్మరైలుతోపాటే పుట్టింది. జర్మనీలోని గోపింగెన్ ఊళ్ళో మార్క్‌లిన్ అనే కుటుంబం 1859లో వ్యాపారం పెట్టింది. అమ్మింది బొమ్మరిల్లు సామాన్లు, రేకుతో చేసిన వంటింటి గిన్నెలూ పొయ్యిలూ. ఒకసారి బొమ్మరిల్లు కొన్నవాళ్ళు ఏటా ఏదో ఒక సామాను కొనకుండా ఉండలేరన్నది ఆ వ్యాపారంలో ఉన్న కిటుకు. 1891లో లైప్‌జిగ్ సంతలో వాళ్ళు అదే కిటుకును రైలుకు తగిలించారు. బొమ్మరైళ్ళు అంతకుముందూ ఉన్నాయి, కానీ ఏ దుకాణం రైలు ఆ దుకాణానిదే. మార్క్‌లిన్ వాళ్ళు పట్టాల మధ్య దూరాన్ని ఖాయం చేసి, వాటికి 1, 2, 3 అని నంబర్లిచ్చారు. ఈ ఏడు ఇంజనూ నాలుగు పట్టాలూ కొంటే, వచ్చే ఏడు కొన్న పెట్టె దానికి సరిగ్గా అతుకుతుంది. వాళ్ళు కనిపెట్టింది రైలును కాదు, గేజిని. సేకరణ అనే జబ్బుకు మూలం అక్కడే ఉంది.

అన్నిటికన్నా చిన్నది 1 గేజి. ఇప్పటి లెక్కలో దాని పట్టాల మధ్య దూరం 45 మి.మీ. దానికంటే చిన్నది చేయాల్సి వచ్చేసరికి కింద నంబరు మిగల్లేదు. అందుకని సున్నా అన్నారు, 32 మి.మీ. ఆ తర్వాత ఇళ్ళు ఇరుకయ్యాయి, రైలు నేల మీంచి బల్ల మీదికెక్కింది. 1922లో బింగ్ కంపెనీ బల్ల మీద నడిచే చిన్న రైలు తెచ్చింది. 1935లో ట్రిక్స్, మార్క్‌లిన్ రెండూ విద్యుత్తుతో నడిచే చిన్న రైళ్ళు దించాయి. సున్నాలో సగం కాబట్టి 'హాఫ్ జీరో', అదే హెచ్‌ఓ: 1:87 స్కేలు, 16.5 మి.మీ. పట్టాలు. ఇంగ్లాండులో అసలు ఇంజన్లే సన్నం. వాటిని 87 రెట్లు తగ్గిస్తే లోపల యంత్రం పట్టదు. దాంతో వాళ్ళు ఇంజను మాత్రం 1:76లో చేసి, పట్టాలు 16.5 దగ్గరే ఉంచేశారు. 1938లో హార్న్‌బీ డబ్లో వచ్చింది ఈ లెక్కలోనే. లావుపాటి మనిషికి ఇరుకు చెప్పులు తొడిగినట్టుంటుందని వాళ్ళలో వాళ్ళే ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ తర్వాత 9 మి.మీ. పట్టాల ఎన్ స్కేలు, 1972లో మార్క్‌లిన్ వారిదే 6.5 మి.మీ. జెడ్ స్కేలు వచ్చాయి. జెడ్ ఇంజను అగ్గిపెట్టె పక్కన పెడితే అగ్గిపెట్టే పెద్దదనిపిస్తుంది.

ఎనభై ఏళ్ళు ఇలా కుంచించుకుపోతూ వచ్చిన కథలో ఒక పాయ మాత్రం జెడ్ కంటే ముందే, 1968లో, వెనక్కి తిరిగింది. న్యూరెంబర్గులో లేమాన్ అనే పాత రేకుబొమ్మల కంపెనీ నడుపుతున్న రిక్టర్ సోదరులు 'లేమాన్ గ్రోస్ బాన్' అని ఒకటి తెచ్చారు. లేమాన్ వారి పెద్ద రైలు అని అర్థం. పొడి అక్షరాల్లో ఎల్‌జీబీ. పట్టాలు ఇత్తడివి, వానలో ఎండలో తోటలో పరుచుకోవచ్చు. పట్టాల మధ్య దూరం పాత 1 గేజిదే, 45 మి.మీ. మారింది వాళ్ళు చెప్పుకున్న మాట. 1 గేజి వాళ్ళు ఆ 45 మి.మీ.ను యూరపు మామూలు లైను, అంటే 1435 మి.మీ., అన్నారు కాబట్టి స్కేలు 1:32. లేమాన్ వాళ్ళు అదే 45ను మీటరు గేజి అన్నారు. వెయ్యి మిల్లీమీటర్లు 45 కావాలంటే స్కేలు 1:22.5కు పెరగాలి. పట్టాలు అవే, వాటి మీద బండి మాత్రం ఒక్కసారిగా లావెక్కింది. (వాళ్ళ మొదటి ఇంజను 'స్టెయిన్జ్' అసలు నడిచింది 760 మి.మీ. లైను మీద. అంటే మొదటి రోజే కొలత తప్పారు. ఆ సంగతి తెలిశాక నా మనసు తేలికపడింది.)

మీటరు గేజి అన్న మాట వినగానే సికింద్రాబాదు మనిషికి చెవులు నిక్కబొడుచుకుంటాయి. 1900 ప్రాంతంలో గోదావరి లోయ మీదుగా మన్మాడ్ దాకా నిజాం రైల్వే వేసిన లైను మీటరు గేజిది. అజంతా ఎక్స్‌ప్రెస్ దాని మీదే వెళ్ళేది. మా చిన్నతనంలో సికింద్రాబాదు స్టేషన్లో బ్రాడ్ గేజి, మీటరు గేజి రెండూ ఉండేవి. 1992లో దేశమంతా ఒకే గేజి అన్న ప్రాజెక్టు మొదలయ్యాక ఆ సన్న పట్టాలు ఒక్కో లైనే పోయాయి. బ్రాడ్ గేజి 1676 మి.మీ. దాన్ని 1:22.5లో చేయాలంటే 74.5 మి.మీ. పట్టాలు కావాలి, నాకు తెలిసిన ఏ దుకాణంలోనూ లేవు. పోయిన మీటరు గేజి మాత్రం 45 మి.మీ.లో అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది. ఎక్కడో జర్మనీలో ఎవరో తోట రైలుకు పెట్టుకున్న కొలత మామయ్య ఉద్యోగానికి సరిపోయింది.

ఇక బరువు సంగతి. పొడవు సగమైతే బరువు సగం కాదు, ఎనిమిదో వంతవుతుంది. పొడవూ వెడల్పూ ఎత్తూ మూడూ తగ్గుతాయి మరి. మీటరు గేజి డీజిల్ ఇంజను వైడీఎం-4 బరువు 72 టన్నులు. దాన్ని 87 రెట్లు తగ్గిస్తే, లెక్క ప్రకారం మిగిలేది 109 గ్రాములు, అంటే చిన్న టీపొడి పొట్లం. అదే 22.5 రెట్లు తగ్గిస్తే 6.3 కిలోలు. రెండు బొమ్మల పొడవులో తేడా నాలుగు రెట్లకు లోపే, బరువులో మాత్రం 58 రెట్లు.

మామయ్య పట్టుకున్న తప్పు ఇంకా లోతుగా ఉంది. నిజం బండి ఒకటి ఇంజను ఆపేశాక తన ఊపు మీద కిలోమీటరు దొర్లి ఆగుతుందనుకోండి. దొర్లే దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. బొమ్మ చూడ్డానికి సహజంగా నడవాలంటే దాని వేగమూ 87 రెట్లు తగ్గాలి. అప్పుడు దొర్లే దూరం 87 ఇంటూ 87 రెట్లు తగ్గుతుంది. రాపిడి అదే పాళ్ళలో ఉందనుకున్నా వచ్చేది 13 సెంటీమీటర్లు. కంటికి నిజమనిపించాలంటే పదకొండున్నర మీటర్లు దొర్లాలి! ఆ 13 కూడా దక్కదు. మోటారుకూ చక్రాలకూ మధ్య ఉండే వర్మ్ గేరు మోటారు ఆగగానే చక్రాలను బిగించేస్తుంది. కంపెనీలు లోపల చిన్న ఫ్లైవీలు పెడతాయి, డిజిటల్ కంట్రోల్లో మెల్లగా ఆగేలా ప్రోగ్రాము రాస్తాయి. అది ఊపు కాదు, ఊపును నటించడం. 1:22.5లో ఇదే లెక్క వేస్తే దాదాపు 2 మీటర్లొస్తుంది. నిజం రైలుకు అదీ చాలా తక్కువే, కానీ 13 సెంటీమీటర్లు చూసిన కంటికి అది ప్రయాణంలాగే ఉంటుంది.

ఊగడమూ అంతే. నాలుగు మీటర్ల ఎత్తు నుంచి వస్తువు కింద పడడానికి దాదాపు 0.9 సెకను పడుతుంది. ఆ ఎత్తును 87 రెట్లు తగ్గిస్తే 0.1 సెకను కూడా పట్టదు. భూమి ఆకర్షణ బొమ్మ కదా అని తగ్గదు. అందుకే చిన్న పెట్టె పట్టాల అతుకు మీద అదురుతుందే తప్ప ఊగదు. సినిమాల్లో మినియేచర్ షాట్లను వేగంగా తీసి నెమ్మదిగా చూపించేది ఈ తంటా వల్లే. మన కళ్ళను నెమ్మదిగా తిప్పే మీట లేదు కాబట్టి బొమ్మనే పెద్దది చేసుకోవాలి.

నిజం ఆవిరి ఇంజన్ల పిచ్చివాళ్ళదీ ఇదే బాధ. బాయిలరు చిన్నదయ్యేకొద్దీ లోపలి నీటితో పోలిస్తే పైతోలు ఎక్కువవుతుంది, వేడి కారిపోతుంది. 1975లో జపాను కంపెనీ ఆస్టర్ తన ఆవిరి ఇంజన్లను 1 గేజిలో మొదలుపెట్టింది. అగ్గీ నీళ్ళూ 45 మి.మీ. పట్టాల మీద బాగానే కలిసి కాపరం చేస్తాయి.

పెద్దదానికి ఆశపడినవాళ్ళు మనదేశంలోనూ ఉన్నారు. పుణేలో జోషిగారి మినియేచర్ రైల్వే మ్యూజియం, 1998 నుంచి నడుస్తున్నది, హెచ్‌ఓలోనే ఒక ఊరంత లోకాన్ని తిప్పి చూపిస్తుంది. గ్వాలియర్ సింధియాల జైవిలాస్ మహల్లో వెండి రైలుంది. భోజనాల బల్ల మీద పట్టాలు, పెట్టెల్లో మద్యం సీసాలు. సీసా ఎత్తగానే బండి ఆగుతుంది, పెడితే కదులుతుంది. మా హైదరాబాదుది ఇంకా పెద్ద కథ. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు మొదటి రైలు వచ్చేనాటికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వయసు ఎనిమిదేళ్ళు. లైను వెనక ఉన్న ఆలోచనంతా దివాను సాలార్‌జంగ్‌ది, నిజమే. అయినా ఎనిమిదేళ్ళ పిల్లవాడికి 1:1 స్కేలులో రైలు దొరికిందంటే నాకు ఈ వయసులో కూడా అసూయే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు దొరికింది నుమాయిష్‌లో కొన్న కీ ఇచ్చే రేకు రైలు.

మామయ్య మాటకు వచ్చిన పౌరుషం మీదే నేను ఒక పెట్టె తెప్పించాను. స్విట్జర్లాండులోని రేషియన్ రైల్వేది, అక్కడిదీ మీటరు గేజే. సెకండ్‌హ్యాండ్ సరుకు, బంధువుల సూట్‌కేసులో చీరల మధ్య వచ్చింది. ఇత్తడి పట్టాలు మేడ మీద మూడు మీటర్ల మేర తిన్నగా పరిచాను. మామయ్య గొంతుక్కూర్చుని చూపుడు వేలితో పెట్టెను ఒక్క తోపు తోశాడు. అది ఇంజను లేకుండా, కరెంటు లేకుండా, ఒక అతుకు మీద 'టక్ టక్', కాస్త ఆగి ఇంకో అతుకు మీద 'టక్ టక్' అంటూ వెళ్ళింది. నీళ్ళ ట్యాంకు నీడ దాటింది. చివరి పట్టా మీద ఇక ఆగిందనుకున్నాక ఇంకో బెత్తెడు జరిగి నిలబడింది. మామయ్య ఏమీ అనలేదు. పెట్టెను వెనక్కి తెచ్చి మళ్ళీ తోశాడు.

తర్వాత వచ్చింది అసలు చిక్కు. మలుపులు. బొమ్మల పెట్టెలో వచ్చే ఎల్‌జీబీ వంపు పట్టా వ్యాసార్ధం 60 సెంటీమీటర్లు. నిజం కొలతలో అది 13.5 మీటర్లు. "అంత మలుపులో ఆటో తిరుగుతుంది, రైలు తిరగదు" అన్నాడు మామయ్య. మన రైల్వేలో మీటరు గేజికి అనుమతించే అతి పదునైన మలుపు 16 డిగ్రీలు, అంటే దాదాపు 109 మీటర్ల వ్యాసార్ధం. 22.5తో భాగిస్తే 4 మీటర్ల 85. పూర్తి చుట్టుకు అడ్డంగా 9 మీటర్ల 70 సెంటీమీటర్లు కావాలి. మా మేడ వెడల్పు ఎనిమిదిన్నర. వడియాల మంచం తీసేసినా ఎనిమిదిన్నరే.

మామయ్య నన్ను నడుమ మేకులా నిలబెట్టి, నా చేతికి తాడు కొస ఇచ్చాడు. రెండో కొసకు సుద్దముక్క కట్టి వంగి గీస్తూ నడిచాడు. గీత ట్యాంకు దిమ్మ పక్కగా వెళ్ళింది, మెట్ల గది తలుపు ముందు నుంచి తిరిగింది, పిట్టగోడకు తగిలి ఆగింది. మామయ్య నడుం నిటారు చేసి, గోడ మీదుగా పక్కింటి మేడను తొంగి చూశాడు.

"వాళ్ళ మేడా మన మేడా ఒకే ఎత్తురా" అన్నాడు.