తలనొప్పి మనుషులకు పగటి కునుకు ఎందుకు?

మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి మధ్యాహ్నం పూట తరచు కునికిపాట్లు పడేది. "రాత్రంతా ఏం చేశావమ్మా?" అని కోప్పడి నిలబెట్టేవాణ్ణి. ఆమెకు మైగ్రేన్ ఉందనీ, ముందురోజే నొప్పితో వాంతులు చేసుకుందనీ తర్వాత వాళ్ళమ్మ చెప్పింది. అంటే అది బద్ధకం కాదన్నమాట! మరి ఆ నిద్ర ఎక్కడినుంచి వచ్చింది?

మైగ్రేన్‌నే పార్శ్వనొప్పి అంటారు. సాధారణంగా తలకు ఒక పక్కన పోటు వస్తుంది. కడుపులో తిప్పుతుంది. వెలుతురును, చప్పుడును భరించలేరు. అయితే నొప్పి ఉన్న కొద్ది గంటలే జబ్బు అనుకోకండి. కొందరికి ఒకటి రెండు రోజుల ముందే ఆవలింతలు, అలసట మొదలవుతాయి. నొప్పి తగ్గిన మర్నాడు కూడా మనిషి తోటకూర కాడలా వాలిపోతాడు.

మెదడు అడుగుభాగాన హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. నిద్ర, మెలకువ, ఆకలి, దాహం దీని అదుపులో ఉంటాయి. 2016లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఒక మైగ్రేన్ రోగి మెదడును 30 రోజులపాటు రోజూ స్కాన్ చేశారు. నొప్పికి ముందు 24 గంటల్లోనే హైపోథాలమస్ పనితీరు మారడం గమనించారు. నొప్పికి ముందు వచ్చే ఆవలింతలకు మూలం ఇక్కడే ఉండవచ్చు.

రెండో కారణం రాత్రి నిద్ర. నొప్పి వల్ల నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే మళ్ళీ నొప్పి రావచ్చు. మీ వయసువారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరం.

మూడోది మందులు. నొప్పి రాకుండా వాడే అమిట్రిప్టిలిన్, ఫ్లునారిజిన్ వంటివి మగత కలిగిస్తాయి. అలాగని సొంతంగా మానేయకూడదు. డాక్టరుకు చెబితే మోతాదో, వేసుకునే వేళో మారుస్తారు.

ఇవిగాక దిగులు, రక్తహీనత, థైరాయిడ్ లోపం, గురకతో నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం కూడా పగటి నిద్రకు కారణాలే. అందుకే పరీక్ష చేయించుకోవాలి.

నిద్రమత్తును కొలవవచ్చునా? కొలవవచ్చు. 1991లో ఆస్ట్రేలియా డాక్టరు ముర్రే జాన్స్ పెద్దవాళ్ళ కోసం ఎప్‌వర్త్ కొలమానం తయారుచేశారు. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, భోజనమయ్యాక ఊరికే కూర్చున్నప్పుడు – ఇలా 8 సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి 0 నుండి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 24లో 10 దాటితే నిద్రమత్తు ఎక్కువని అర్థం.

మీలో ఎవరికైనా ఈ బాధ ఉంటే ఒక నోటుపుస్తకం పెట్టండి. పడుకున్న వేళ, లేచిన వేళ, నొప్పి వచ్చిన రోజు, మందు వేసుకున్న సమయం, కునుకు పట్టిన గంట నెలరోజులు రాసి డాక్టరుకు చూపండి. మా అమ్మాయి అలాగే చేసింది. మాత్ర వేసుకునే వేళ మార్చాక ఆమె మగత చాలావరకు తగ్గింది.

నేనూ ఒక అలవాటు మార్చుకున్నాను. తరగతిలో ఎవరైనా కునుకుతుంటే ముందు, "ఒంట్లో బాగుందా?" అని అడుగుతున్నాను.